ఆ గడిలో రాసింది ఎవరి మాట?

బాలల సంక్షేమ కమిటీల ఫైళ్లు తిరగేసినవారికి ఒక వాక్యం కంఠతా వచ్చేస్తుంది. "తల్లిదండ్రుల వద్దకు వెళ్లుటకు బాలిక సుముఖత వ్యక్తపరచినది." పిల్లను హోంలో ఉంచదలిస్తే వాక్యం కొద్దిగా మారుతుంది. "హోంలో ఉండి విద్యనభ్యసించుటకు బాలుడు అంగీకరించినాడు." ఏడేళ్ల పిల్లవాడికీ అదే వాక్యం, పదిహేడేళ్ల అమ్మాయికీ అదే వాక్యం. ఇటుక బట్టీ దగ్గర దొరికిన ఒడియా పిల్లకూ, గాజుల కార్ఖానా నుంచి విడిపించిన బిహారీ పిల్లవాడికీ అదే. పిల్లల అభిప్రాయం రాయాల్సిన గడిలో ఆఫీసు భాష వచ్చి కూర్చుంటుంది. ఆ గడి నిండింది కాబట్టి పిల్లల్ని అడిగినట్టే లెక్క.

నేను కొన్నేళ్లు ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున పిల్లల వెంట, వాళ్ల పెద్దల వెంట ఈ కమిటీల ముందుకు వెళ్లినదాన్ని. ఆ వరండాల్లో, ఆ బెంచీల మీద చూసినవాటితో ఒక మాట గట్టిగా చెప్పదలచాను. పిల్లల విషయంలో తుది నిర్ణయం కమిటీదే కావచ్చు, కావాలి కూడా. కానీ ఆ నిర్ణయానికి ముందు పిల్లకూ కుటుంబానికీ విషయం మొత్తం చెప్పాలి. తమలో తాము మాట్లాడుకోవడానికి సమయం ఇవ్వాలి. వాళ్ల సొంత ప్రతిపాదన ఏమిటో వినాలి. దాన్ని కాదంటే, ఎందుకు కాదన్నారో వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఇవి జరగనంతవరకు ఆ గడిలో ఎంత చక్కటి వాక్యం రాసినా అది పిల్లల మాట కాదు.

ఈ కమిటీల సంగతి తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో కనీసం ఒక బాలల సంక్షేమ కమిటీ ఉండాలి. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, వారిలో కనీసం ఒకరు మహిళ. ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు ఉండే అధికారాలు ఈ కమిటీకి ఉంటాయి. తప్పిపోయిన పిల్లలు, పనిలో దొరికిన పిల్లలు, బాల్యవివాహం తప్పించిన అమ్మాయిలు, ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్లు, చూసే దిక్కులేనివాళ్లు, ఎవరినైనా సరే ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా కమిటీ ముందు హాజరుపరచాలి. ఆ తర్వాత ఇంటి పరిస్థితుల మీద 15 రోజుల్లో సామాజిక విచారణ నివేదిక రావాలి, నాలుగు నెలల్లోగా తుది ఉత్తర్వు వెలువడాలి. ఇంటికి పంపాలా, హోంలో ఉంచాలా, బంధువుకు అప్పగించాలా అన్నది ఆ ఉత్తర్వు తేలుస్తుంది. ఒక పిల్ల రేపటి నుంచి ఎవరి ఇంట్లో నిద్ర లేస్తుందో, ఏ భాషలో చదువుకుంటుందో, తమ్ముణ్ని మళ్లీ ఎప్పుడు చూస్తుందో నిర్ణయించే కాగితం అది.

చట్టంలో లోటేమీ లేదు. తనకు సంబంధించిన ప్రతి ప్రక్రియలో, ప్రతి నిర్ణయంలో తన మాట వినిపించే హక్కు, పాల్గొనే హక్కు పిల్లలకు ఉందని మూడో సెక్షన్‌లోనే రాసి ఉంది. పిల్లల పెంపకం బాధ్యత మొదట కుటుంబానిదే అనీ, సంస్థల్లో ఉంచడం చిట్టచివరి మార్గం మాత్రమే అనీ అదే సెక్షన్ చెబుతుంది. ఉత్తర్వు ఇచ్చేటప్పుడు, తన అభిప్రాయం చెప్పగల పరిణతి ఉన్న పిల్లల కోరికను లెక్కలోకి తీసుకోవాలని 37వ సెక్షన్ అంటుంది. దీని వెనుక 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, అందులో పిల్లల మాట వినాలని చెప్పే 12వ అధికరణం ఉన్నాయి. మన దేశం 1992 డిసెంబరులో ఆ ఒడంబడికలో చేరింది. ఇంకా వెనక్కి వెళితే, 1890లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో కూడా, ఆలోచించి చెప్పగల వయసున్న పిల్లల ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చని ఉంది. రాసుకుని 130 ఏళ్లు దాటింది. ఇంకా మనం "పిల్లలకేం తెలుస్తుంది" దగ్గరే ఉన్నాం.

ఆ 12వ అధికరణాన్ని ఎలా అమలు చేయాలో వివరిస్తూ ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2009లో ఒక పత్రం వెలువరించింది. పిల్లకు చెప్పగల శక్తి ఉందని అనుకునే మొదలుపెట్టాలి, ఆ శక్తి ఉందని నిరూపించుకునే భారం పిల్ల మీద వేయకూడదు అన్నది అందులో కీలకమైన మాట. ముందుగా పిల్లను సిద్ధం చేయాలి, తర్వాత వినాలి, విన్నదానికి ఎంత బరువివ్వాలో తూచాలి, చివరికి ఏం నిర్ణయించారో, తన మాట ఏమైందో పిల్లకు తిరిగి చెప్పాలి, నచ్చకపోతే ఫిర్యాదుకు దారి చూపాలి. ఈ ఐదింటిలో మన దగ్గర జరిగేది రెండోది ఒక్కటే, అదీ సగం.

ఇక ఒక నాయనమ్మ సంగతి.

కొడుకు చనిపోయాడు. కోడలు ఇంకో పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. మనవరాలికి పదకొండేళ్లు, మనవడికి ఎనిమిది. పిల్లలు బడికి రావడం లేదని ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు. నాయనమ్మ ఇద్దరినీ వెంటబెట్టుకుని కమిటీ ముందుకు వచ్చింది. బట్టల కొట్టు ప్లాస్టిక్ కవరులోంచి రేషన్ కార్డు, పింఛను పుస్తకం, కొడుకు మరణ ధ్రువీకరణ పత్రం, పిల్లల ఆధార్ కార్డులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద వరుసగా పేర్చింది. అడగకముందే అన్నీ చూపించేస్తే నమ్ముతారని ఆమె ఆశ. ఎవరూ వాటిని చేతిలోకి తీసుకోలేదు. "నీకు వయసైపోయింది కదా పెద్దమ్మా, వీళ్లను ఎలా పెంచుతావు?" అని అడిగారు. అడిగిన సభ్యురాలు చెడ్డ మనిషి కాదు, గొంతులో జాలే ఉంది. కానీ ఆ ప్రశ్నకు నాయనమ్మ ఏం చెబుతుంది? తల వంచుకుంది. బడి మానేసిన పిల్లలు, సంరక్షకురాలు వృద్ధురాలు, హోంలో చేర్చుటకు సిఫారసు. నివేదిక అప్పటికే సిద్ధంగా ఉంది.

మధ్యాహ్నం భోజనాల వేళ వరండాలో ఆ అమ్మాయి నా పక్కన కూర్చుంది. బడికి ఎందుకు పోవడం లేదమ్మా అని అడిగితే, ఇంతకుముందు ఎవరూ అడగనట్టు నా వైపు చూసి చెప్పడం మొదలుపెట్టింది. తమ్ముడికి మూర్ఛ వస్తుంది. మాత్రలు వేసుకుంటే రాదు. మాత్రలు జిల్లా ఆసుపత్రిలోనే ఇస్తారు. వాటి కోసం వెళ్లిన రోజు నాయనమ్మకు కూలి పోతుంది, పైగా బస్సు చార్జీలు. వెళ్లలేకపోయిన నెలలో మాత్రలు ఉండవు. మాత్రలు లేని రోజుల్లో తమ్ముడు చెరువు కట్ట మీదుగా బడికి ఒక్కడే నడిచి వెళ్లడం తనకు భయం. అందుకని వాడిని పట్టుకుని ఇంట్లోనే ఉంటుంది. "ఆశా ఆంటీ నెలనెలా వేరేవాళ్ల కోసం ఆసుపత్రికి పోతుంది అక్కా. మా మాత్రలు కూడా తెచ్చిస్తే మేం ఇద్దరం బడికి పోతాం." ఆ మాట మామూలుగా, ఎప్పటినుంచో అనుకుంటున్నట్టు అంది.

మూడు పేజీల విచారణ నివేదికలో మూర్ఛ అన్న మాటే లేదు. ఇంటికి వెళ్లిన ఉద్యోగి గోడలు, కప్పు, మరుగుదొడ్డి, ఆదాయం అన్నీ రాసుకున్నారు. పదకొండేళ్ల పిల్లతో విడిగా మాట్లాడలేదు. ఆ సిఫారసు అమలై ఉంటే అమ్మాయి ఒక ఊళ్లో బాలసదనంలోనూ, పిల్లవాడు ఇంకో ఊళ్లో మగపిల్లల హోంలోనూ ఉండేవాళ్లు. మూర్ఛ వచ్చే తమ్ముడికి, ఎప్పుడు వస్తుందో ముఖం చూసి చెప్పగల ఒకే ఒక్క మనిషి దూరమయ్యేది. అదృష్టం బాగుండి కమిటీలో ఒక సభ్యుడు ఆ విషయం మళ్లీ వినడానికి ఒప్పుకున్నారు. తర్వాతి సిట్టింగులో స్పాన్సర్‌షిప్‌కు సిఫారసు చేశారు, మాత్రల సంగతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రాశారు, పిల్లలు నాయనమ్మ దగ్గరే ఉండిపోయారు.

ఆ స్పాన్సర్‌షిప్ సంగతి ఎంతమందికి తెలుసు? మిషన్ వాత్సల్య పథకం కింద అర్హులైన పిల్లలకు నెలకు ₹4,000 ఇస్తారు. కుటుంబ ఆదాయం గ్రామాల్లో ఏడాదికి ₹72,000, మిగతాచోట్ల ₹96,000 దాటకూడదు. పేదరికం కారణంగా పిల్లలు ఇల్లు విడిచి హోంకు పోకూడదన్నదే దాని ఉద్దేశం. కమిటీ ముందు నిలబడిన నాయనమ్మకు ఈ సంగతి ముందుగా తెలిసి ఉంటే, "ఎలా పెంచుతావు" అన్న ప్రశ్నకు తల వంచుకునేది కాదు. "నాకు ఆ డబ్బు ఇప్పించండి, నేనే పెంచుతాను" అనేది. ఉన్న దారులన్నీ తెలియనివాళ్లను ఏ దారి కావాలని అడిగి ఏం లాభం? ఇది దయతో చేసే పని కాదు. ముందుగా విషయం చెప్పడం నిర్ణయ ప్రక్రియలో మొదటి భాగం, అది లేకుండా తీసుకున్న సంతకం చెల్లదని నేను వాదిస్తాను.

పిల్లల్ని ఇంటి నుంచి తీసుకువెళ్లేటప్పుడే కాదు, ఇంటికి పంపేటప్పుడూ ఇదే తీరు. 2020 సెప్టెంబరులో, కరోనా కాలంలో, జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు ఒక సూచన చేసింది. హోంలలో ఉన్న పిల్లలను 100 రోజుల్లోగా కుటుంబాలకు అప్పగించే ప్రక్రియ పూర్తి చేయాలన్నది దాని సారాంశం. ఆ ఎనిమిదింటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. అప్పటికి దేశంలో హోంలలో ఉన్న సుమారు 2.56 లక్షల పిల్లల్లో 1.84 లక్షల మంది ఆ రాష్ట్రాలవారే. కుటుంబంలో పెరగడం పిల్లల హక్కు అన్న మాటతో నాకు పేచీ లేదు, నా వాదనంతా దాని కోసమే. కానీ ఒక్కో పిల్ల హోంకు ఒక్కో కారణంతో వచ్చింది. తాగివచ్చి కొట్టే తండ్రి నుంచి తప్పించుకుని ఒకరు, ఊళ్లో హైస్కూలు లేక ఒకరు, తల్లి జబ్బు పడి ఒకరు. అందరికీ కలిపి ఒకే గడువు పెట్టడమంటే, వాళ్లెవరినీ అడగాల్సిన పని లేదని ముందే తేల్చేయడం. ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, ఇళ్లకు చేరిన పిల్లల చదువు కోసం నెలకు ₹2,000 ఇవ్వాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఇంటికి వెళ్లిన పిల్లకు ఏం కావాలన్న ప్రశ్న పంపేముందు రావాల్సింది, పంపాక వచ్చింది.

2011లో నార్వేలో ఒక భారతీయ జంట నుంచి అక్కడి శిశు సంక్షేమ అధికారులు ఇద్దరు పసిపిల్లలను తీసుకువెళ్లినప్పుడు మన టీవీలన్నీ మండిపడ్డాయి. చేత్తో అన్నం తినిపించడం, పిల్లల్ని పక్కలో పడుకోబెట్టుకోవడం కూడా తప్పులుగా చూశారని ఆ తల్లిదండ్రులు చెప్పినప్పుడు అమెరికాలో, ఐరోపాలో ఉన్న తెలుగు కుటుంబాలు కూడా భయపడ్డాయి. ఆ కోపం సబబైనదే. కానీ ఏటా పంటల పని అయిపోయాక ఒడిశాలోని బలాంగీర్, నువాపడ వైపు నుంచి మన తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే తల్లి పరిస్థితి ఆలోచించండి. ముందే అడ్వాన్సు తీసుకుని వచ్చింది, ఆ బాకీ తీరేదాకా బట్టీ వదిలి కదలలేదు. పిల్ల ఇటుకలు తిరగేస్తుంటే అధికారులు వచ్చి తీసుకువెళ్లారు. తీసుకువెళ్లడం తప్పు కాదు, పిల్లల చేత పని చేయించడం నేరం. కానీ పిల్లను ఎక్కడికి తీసుకువెళ్తున్నారో, ఎప్పుడు చూడవచ్చో, ఏ కాగితం తెస్తే ఇస్తారో ఆమె భాషలో చెప్పినవాళ్లెవరు? తెలుగులో రాసిన కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చిన తల్లిని నేను చూశాను. అందులో ఏముందని అడిగితే, "సార్లు రాశారు" అని మాత్రం చెప్పగలిగింది. నార్వేలో జరిగితే మన సంస్కృతికి అవమానం అయినది, మన జిల్లాలో జరిగితే మామూలు పని ఎలా అవుతుంది?

ఆ నార్వే కథలో తర్వాత జరిగింది కూడా గుర్తు చేసుకోవాలి. 2012లో ఆ పిల్లలను వాళ్ల బాబాయికి అప్పగించారు, ఆయన భారతదేశానికి తీసుకువచ్చాడు. అంత గొడవ తర్వాత దొరికిన ఆ బాబాయి కుటుంబంలో మొదటి రోజు నుంచీ ఉన్నాడు. ఈ పిల్లల్ని ఎవరు చూడగలరో మీరే కూర్చుని ఆలోచించండి అని మొదటే కుటుంబాన్ని కూర్చోబెడితే అలాంటి బాబాయిలు, పిన్నులు, మేనత్తలు ముందుగానే బయటికి వస్తారు.

సరిగ్గా ఆ పని చట్టంలోనే పెట్టిన దేశం న్యూజిలాండ్. అక్కడి ఆదివాసులైన మావోరీల పిల్లలను ప్రభుత్వం పెద్ద ఎత్తున కుటుంబాల నుంచి వేరుచేసి సంస్థల్లో, పరాయి ఇళ్లలో పెట్టేది. దీని మీద జాన్ రంగిహావు అధ్యక్షతన ఒక సలహా సంఘం మావోరీల దగ్గరికే వెళ్లి వాళ్ల మాట విని నివేదిక ఇచ్చింది. ఆ ఒత్తిడితో 1989లో కొత్త చట్టం వచ్చింది. దాని గుండెకాయ కుటుంబ సమావేశం. పిల్లల భద్రత విషయంలో ప్రభుత్వం కల్పించుకోవాల్సి వస్తే, ఒక సమన్వయకర్త తల్లిదండ్రులనే కాదు, తాతలు, అమ్మమ్మలు, మేనమామలు, దూరపు బంధువుల దాకా పిలుస్తారు. ముందు అధికారులు తమ దగ్గరున్న సమాచారం అంతా బల్ల మీద పెడతారు. ఏం జరిగింది, ఏం భయంగా ఉంది, ఏ సాయం దొరుకుతుంది, అన్నీ. తర్వాత అధికారులు లేచి బయటికి వెళ్లిపోతారు. తలుపు మూసుకుని కుటుంబం ఒక్కటే మాట్లాడుకుంటుంది. ఎంతసేపైనా సరే. చివరికి వాళ్లు ఒక ప్రణాళికతో వస్తే, అది పిల్లకు క్షేమమేనా అని అధికారులు చూసి ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే విషయం కోర్టుకు వెళ్తుంది.

ఆ మధ్య భాగం, అధికారులు గదిలోంచి లేచి వెళ్లిపోవడం, నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. అధికారి ఎదుట ఎవరూ తమ తమ్ముడు తాగుతాడని చెప్పరు. అధికారి లేనప్పుడు చెల్లెలే లేచి "నువ్వు తాగినన్నాళ్లు పిల్ల మా ఇంట్లో ఉంటుంది" అంటుంది. ఆ మాట ఏ ఉత్తర్వుకంటే బలమైనది, ఎందుకంటే రేపు దాన్ని అమలు చేయబోయేది ఆమే. తర్వాత ఈ పద్ధతి బ్రిటన్‌తో సహా చాలా దేశాలకు పాకింది.

అలాగని న్యూజిలాండ్‌లో అంతా బాగుందని నేను చెప్పను. 2019లో అక్కడ ఒక ఆసుపత్రిలో మావోరీ తల్లి నుంచి పురిటి బిడ్డను తీసుకుపోబోయిన ఉదంతం బయటపడి దేశమంతా నిరసనలు వచ్చాయి. 2021లో, మావోరీలతో ప్రభుత్వం చేసుకున్న ఒప్పందం ఉల్లంఘనలను విచారించే వైటాంగి ట్రిబ్యునల్, ఈ వ్యవస్థ మావోరీలకు ఇచ్చిన మాట తప్పిందని తేల్చింది. చట్టంలో సమావేశం ఉన్నా, కుటుంబాన్ని పిలవకముందే నిర్ణయం అయిపోతే ఆ సమావేశం తంతుగా మిగిలిపోతుంది. అక్కడి పాఠం మనకు ఇక్కడి ఫైళ్లలో ముందే కనిపిస్తోంది.

ఇక్కడ చదివేవాళ్ల మనసులో ఒక అభ్యంతరం మెదులుతూ ఉంటుంది. కుటుంబం కూర్చుని తేల్చుకోవడం మనకు కొత్తా? పెద్దమనుషుల పంచాయితీలు చూడలేదా? పిల్లను కొట్టిన మామ చేత "ఇక కొట్టను" అనిపించి, ఒక కాగితం రాయించి, కేసు లేకుండా చేసే పెద్దలు ఊరూరా ఉన్నారు. పదహారేళ్ల పిల్లకు పెళ్లి నిశ్చయించేది కుటుంబమే, ప్రేమించిందని కొట్టేదీ కుటుంబమే. అలాంటిచోట కుటుంబానికి అధికారం ఇస్తే పిల్ల గొంతు మరింత నొక్కుకుపోదా? ఈ అభ్యంతరం బలమైనది, దీన్ని తోసిపుచ్చేవాళ్లను నేను నమ్మను. నా జవాబు ఒకటే. కుటుంబం మాట వేరు, పిల్ల మాట వేరు. రెండూ వినాలి, విడివిడిగా వినాలి, ఒకదాన్ని ఇంకొకదాని కింద రాయకూడదు.

మేనమామతో పెళ్లి ఆపిన ఒక అమ్మాయి విషయంలో ఇది కళ్లారా చూశాను. పదో తరగతి పాసై ఇంటర్‌లో చేరాల్సిన పిల్ల. తండ్రి, పెదనాన్న, కులపెద్ద ఒకరు వెంట వచ్చారు. పెళ్లి చేయబోమని బాండు పేపరు రాసిచ్చారు. వాళ్ల ముందే "ఇంటికి వెళ్తావా?" అని అడిగితే "వెళ్తాను" అంది. ఫైలు అక్కడితో ముగిసిపోయేది. ఒక మహిళా కౌన్సెలర్ పట్టుబట్టి ఆ అమ్మాయిని పక్క గదిలోకి తీసుకువెళ్లి, తలుపు వేసి, హోం అంటే ఏమిటి, కస్తూర్బా విద్యాలయం అంటే ఏమిటి, ఇంటికి వెళితే ఎవరు వచ్చి చూస్తారు, అన్నీ ఓపికగా చెప్పి మళ్లీ అడిగారు. ఈసారి జవాబు వేరుగా వచ్చింది. హోం వద్దు, కస్తూర్బాలో ఇంటర్ చదువుతాను. అమ్మ వచ్చి చూడాలి, మామ రాకూడదు. పండక్కి ఇంటికి రమ్మంటే రాను, పిన్ని ఇంటికి వెళ్తాను. చివరగా ఇంకో మాట చెప్పింది. "మేడమ్, నా టెన్త్ మెమో, ఆధార్ ట్రంకు పెట్టెలో ఉన్నాయి. నాన్న నాకంటే ముందు ఇంటికి వెళితే దాచేస్తాడు. ఎవరినైనా పంపించి ఇప్పుడే తెప్పించండి."

మాలో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. మెమో లేకపోతే సీటు లేదు. సీటు లేకపోతే చదువు లేదు. చదువు ఆగితే నెలల్లోనే పెళ్లి మాట మళ్లీ మొదలవుతుంది. తన ఇంట్లో ఏ పెట్టెలో ఏముందో, ఎవరు ఎప్పుడు ఏం చేస్తారో ఆ పిల్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పిల్లల మాట వినడం వాళ్ల మీద జాలితో చేసే మర్యాద అనుకునేవారు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. పిల్లను కాపాడటానికి కావాల్సిన సమాచారం పిల్ల దగ్గరే ఉంటుంది.

పిల్లకు తనవైపు ఒక మనిషి ఉండాలన్న ఆలోచన మన చట్టాల్లో ఇప్పటికే ఉంది. లైంగిక నేరాల కేసుల్లో, పోక్సో నియమావళి ప్రకారం, విచారణ సాగినంతకాలం పిల్లకు తోడుగా ఉండే సహాయక వ్యక్తిని బాలల సంక్షేమ కమిటీ నియమించవచ్చు. ఆ ఏర్పాటునే మిగతా పిల్లలకు కూడా ఎందుకు విస్తరించకూడదు? ఉత్తర్వు రాసే కమిటీకీ, నివేదిక రాసే ఉద్యోగికీ సంబంధం లేకుండా, పిల్ల ఏం చెప్పిందో పిల్ల మాటల్లోనే రాసి, చదివి వినిపించి, "ఇదేనా నువ్వన్నది?" అని అడిగే ఒక మనిషి చాలు. హాని చేసినవాడు కుటుంబంలోనే ఉంటే అతన్ని ఆ సమావేశానికి పిలవకూడదు. న్యూజిలాండ్ చట్టంలోనూ అలా మినహాయించే అధికారం సమన్వయకర్తకు ఉంది.

అమ్మ కావాలా, నాన్న కావాలా అని పిల్లను నిలబెట్టి అడగడం క్రూరం కాదా అని ఇంకొందరు అంటారు. అవును, క్రూరమే. చెప్పుకునే హక్కు అంటే తేల్చి చెప్పాల్సిన బాధ్యత కాదు. "నేను చెప్పను" అనడం కూడా పిల్లల హక్కే. ఎవరి దగ్గర ఉంటావు అని అడగక్కర్లేదు. నీకు రాత్రిళ్లు ఎక్కడ భయం వేయదు, బడికి వెళ్లాలంటే ఏం కావాలి, ఎవరిని చూడకుండా ఉండలేవు అని అడిగితే ఆరేళ్ల పిల్ల కూడా చెబుతుంది.

ఇదంతా అధికారుల మీద నింద కాదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగాల్లో పనిచేసే అవుట్‌రీచ్ వర్కర్లు, కౌన్సెలర్లు ఎక్కువమంది కాంట్రాక్టు ఉద్యోగులు. ఒక్కో మనిషి నెత్తిన ఎన్నో మండలాలు ఉంటాయి. మారుమూల తండాకు బస్సులో వెళ్లి, ఫారం నింపి, చీకటి పడకముందే తిరిగి రావాలి. అలాంటి మనిషి పిల్లతో గంటసేపు కూర్చోవాలంటే ఆ గంటను ఎవరో ఒకరు ఆమె పనివేళల్లో లెక్కించాలి. ఇప్పుడు ఆమెను ఎన్ని నివేదికలు పంపావని అడుగుతున్నారు, ఎంతమంది పిల్లలు తమ ఉత్తర్వును అర్థం చేసుకున్నారని ఎవరూ అడగడం లేదు. కుటుంబాలను భాగస్వాములను చేయమని కోరేటప్పుడు ఈ ఉద్యోగులనూ నిర్ణయాల్లో భాగస్వాములను చేయమని కోరాలి. నాయనమ్మ ఇంటికి వెళ్లిన ఉద్యోగికి కూడా, ఆ రోజు ఇంకో గంట ఉంటే, మూర్ఛ సంగతి తెలిసేది.

కొత్త చట్టం ఏదీ అక్కర్లేకుండా చేయగలిగినవి చాలా ఉన్నాయి. ప్రతి గ్రామంలో సర్పంచ్ అధ్యక్షతన బాలల పరిరక్షణ కమిటీ ఉండాలనీ, అందులో ఇద్దరు పిల్లలు కూడా ప్రతినిధులుగా ఉండాలనీ ఏనాడో నిర్ణయించారు. చాలా ఊళ్లలో ఆ ఇద్దరి పేర్లు రిజిస్టరులో ఉంటాయి, వాళ్లకు మాత్రం ఆ సంగతి తెలియదు. కుటుంబాన్ని కమిటీ ముందుకు పిలిచే ముందు ఊళ్లోనే, అంగన్‌వాడీలోనో బడిలోనో, బంధువులందరినీ ఒకసారి కూర్చోబెట్టడానికి ఆ గ్రామ కమిటీకి మించిన వేదిక లేదు. ఆరేళ్లు పైబడిన పిల్లలు ఉన్న ప్రతి సంస్థలో పిల్లల కమిటీ ఏర్పాటు చేయాలని 53వ సెక్షన్ చెబుతోంది. ఆ కమిటీలను జెండా పండుగలకు పరిమితం చేయకుండా, ఎవరిని ఎప్పుడు ఇంటికి పంపాలన్న చర్చ మొదలయ్యేటప్పుడు ఆ పిల్లకు తోడుగా కూర్చోబెట్టవచ్చు.

అన్నిటికంటే ముందు ఉత్తర్వు ప్రతి. కమిటీ నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చని చట్టంలో ఉంది. నాకు తెలిసిన కుటుంబాల్లో చాలామంది చేతికి ఉత్తర్వు ప్రతే రాలేదు, వచ్చినవాళ్లలోనూ చదివి చెప్పినవాళ్లు లేరు. రెండు పేజీల కాగితం. అందులో పిల్ల ఏం కోరిందో పిల్ల మాటల్లో ఒక పేరా, కుటుంబం ఏం ప్రతిపాదించిందో ఒక పేరా, ఒప్పుకుంటే ఎందుకో, ఒప్పుకోకపోతే ఎందుకో ఇంకో పేరా, అప్పీలు ఎక్కడ చేయాలో, ఉచితంగా వకీలును ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఎక్కడుందో చివరి పేరా. తెలుగువాళ్లకు తెలుగులో, ఒడియా తల్లికి ఒడియాలో. దాన్ని చదివి వినిపించి, ఒక ప్రతి ఆమె చేతిలో పెట్టి, ఒకటి పిల్ల చేతిలో పెట్టాలి. ఈ పనికి జీవో కోసం ఎదురుచూడక్కర్లేదు. వచ్చే సిట్టింగు నుంచే ఏ కమిటీ అయినా మొదలుపెట్టవచ్చు.